గొల్లపల్లి కోతులు, గ్యాసు పిస్టళ్లు

లసుమవ్వ చాయ్ హోటల్లో బల్ల మీద రెండు పిస్టళ్లున్నాయి. నిజమైనవి కావు లెండి, ప్లాస్టిక్ గుండ్లు పేల్చే ఆట పిస్టళ్లు. ఒకదానికి డబ్బాలోంచి గ్రీన్ గ్యాసు నింపాలి, రెండోదానికి వేలెడంత సీఓటూ బుడ్డి బిగించాలి. సిరిసిల్లలో తన సాంచలన్నీ, అంటే మరమగ్గాలన్నీ, అమ్మేసి, ఖాళీ అయిన షెడ్డులో గురి ఆటల హాలు పెడుతున్న శ్యాంసుందర్ వీటిలో ఏ గ్యాసు మేలో ఈ పూట తేల్చుకోవాలి. పిస్టళ్లు చూసుకునే మనిషిని కూడా తేల్చుకోవాలి. కోరుట్ల నుంచి రాజు అనే అతను వస్తానన్నాడు, హైదరాబాదులో ఇదే పని చేసినవాడు.

ముత్యం అదే షెడ్డులో ఇరవై రెండేళ్లు సాంచల మెకానిక్. సాంచలు పోయాయి, పనీ పోయింది. ఈ కొలువు రాజుకు పోతే ముత్యం ఊరు వదలాల్సిందే. పిస్టళ్ల అనుభవమా, సున్నా. నోరు మాత్రం నిండుగా ఉంది.

"గ్యాసు సంగతి నన్నడుగు సేటూ," అంటూ బెంచీ ముందుకు జరుపుకున్నాడు. "మొన్న ఎండలు ముదిరినంక గొల్లపల్లికి మా బామ్మర్ది మక్కసేను కాడికి పోయిన. కోతులు సగం సేను తినిపెట్టినయి. నా తాన గిసొంటి పిస్తోలే ఉండె, గ్రీన్ గ్యాసుది. ఒక్కటి పేల్చిన. ఒక కోతి ఉరికింది."

"గంతేనా?" అంది లసుమవ్వ చాయ్ వడగడుతూ.

"గంతే ఎందుకైతది అవ్వా! అటెన్క ఏమైందో ఎరుకేనా? తెల్లారి నలభై కోతులచ్చినయి. గ్రీన్ గ్యాసు మెత్తటిది సేటూ, దెబ్బ గట్టిగ తాకది. గా సంగతి కోతులకు తెల్సిపోయింది. నేను పేల్చిన గుండ్లను మక్క గింజలనుకోని ఏరుకున్నయి, నోట్లేసుకున్నయి, రుచి లేదని నా మొఖాన్నే ఊంచినయి."

శ్యాంసుందర్ మీసం కింద చిన్న నవ్వు కనిపించింది. ముత్యానికి అది చాలు.

"గప్పుడు తీసిన సీఓటూ! దాని జోరే వేరు. దడదడ పేల్చిన. గ్యాసు ఎల్లిన కొద్ది పిస్తోలు సల్లబడ్తది, గది మీకు ఎరుకే కదా."

"గది నిజమే కాకా," అంది వనిత. ఆమె శ్యాంసుందర్ బిడ్డ, జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. పిస్టళ్ల గురించి ఆ ఇంట్లో చదివి తెలుసుకున్నది ఆమె ఒక్కతే. ఆమే ఔనన్నాక ఇక ముత్యాన్ని పట్టేదెవరు?

"సల్లబడి సల్లబడి నా చెయ్యి పిస్తోలుకు అతుక్కున్నది బిడ్డా. ఆగితేనా నేను! మూడో బుడ్డికి గొట్టం మీద మంచు, పదో బుడ్డికి కంకుల మీద మంచు. ఆకాశంల నలభై మూడు డిగ్రీల ఎండ, సేన్ల మాత్రం మోకాళ్లలోతు మంచు."

"మోకాళ్లలోతా?"

"నీ మోకాళ్లు కాదవ్వా, నావి. కోతులు గజగజ వణుక్కుంట అచ్చి నా దుప్పట్ల జొర్రినయి. అండ్ల ఒక ముసలి కోతి నా చెయ్యి పట్టి బతిమిలాడింది, గా సీఓటూ బంద్ వెట్టి మళ్ల గ్రీన్ గ్యాసు పెట్టుకో అని."

"కోతి మాట్లాడిందా?" శ్యాంసుందర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అబద్ధమెందుకు సేటూ, మాట్లాడలే. డబ్బా దిక్కు సైగ చేసింది. అటెన్క ఏమైందో ఎరుకేనా? గా సల్లగాలి మల్లాపూర్ దాక కొట్టింది. ఆడ పెండ్లి అయితుంటె కూలర్లు బంద్ వెట్టి పెండ్లిపిల్లకు రగ్గు కప్పిండ్రు. ఇటు రుద్రంగిల చెట్టు మీద కుండల్నే కల్లు గడ్డకట్టింది. గొడ్డలితోని కొట్టి, కిలోల లెక్కన అమ్మిండ్రు!"

లసుమవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ముత్యం గుండె నిండిపోయింది. కొలువు చేతికొచ్చినట్టే అనుకున్నాడు.

అప్పుడే వనిత గ్రీన్ గ్యాసు డబ్బా మూతి పిస్టల్ మ్యాగజీన్‌కు ఆనించి నొక్కింది. గ్యాసు నిండాల్సింది పోయి స్‌స్‌స్ మంటూ బయటికే వెళ్లిపోయింది. ఆమె మ్యాగజీన్ తుడిచి, వేలు వాసన చూసింది.

"మొన్న మంచిగుండె. గిండ్ల సాంచల నూనె ఎవరు పోసిండ్రు?"

ముత్యం తాగుతున్న చాయ్ బల్ల మీద పెట్టేశాడు. నిన్న షెడ్డుకు పోయినప్పుడు పిస్టళ్లు కనిపించాయి. ఎండిన యంత్రం కంటపడితే నూనె పోయకుండా దాటిపోవడం ఇరవై రెండేళ్లుగా అతనికి అలవాటు లేదు.

"నేనే బిడ్డా. ఎండిపోయి కనవడ్డది, రెండు సుక్కలు..."

"సాంచల నూనె తాకితే లోపలి రబ్బరు ఉబ్బుతది కాకా. దీనికి సిలికాన్ నూనె కావాలె, గది గ్రీన్ గ్యాసుల కలిసే అస్తది. నాలుగు దినాలు పిస్తోలు వాడినోనికి ఎవరికైన గీ సంగతి ఎరుకే."

హోటల్లో అందరూ ముత్యం వైపే చూశారు.

"మరి గొల్లపల్లి కోతులు?" అంది లసుమవ్వ.

"కోతులైతే ఉన్నయి," అన్నాడు ముత్యం సన్నగా. అతనికి నిజంగా సిగ్గేసింది. ఇంటికి పోయి భార్య కల్పనకు ఏం చెప్పాలో తోచలేదు.

వనిత మళ్లీ నొక్కింది. మళ్లీ స్‌స్‌స్. ముత్యం తల దానంతటదే పక్కకు వంగింది. ఇరవై నాలుగు సాంచలు ఒక్కసారి మోగుతున్నప్పుడు ఏది తప్పుగా నడుస్తోందో చెవితో పట్టిన మనిషి.

"ఆగు బిడ్డా. కింద కాదు, పైన పోతున్నది."

జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. చాయ్ మీద మీగడ కట్టేలోపు ఉబ్బిన రబ్బరు చుట్టను ఊడదీసి అరచేతిలో పెట్టాడు. వనిత తన డబ్బీలోంచి కొత్తది ఇచ్చింది. వేసి బిగించాక గ్యాసు చప్పుడు లేకుండా నిండింది.

శ్యాంసుందర్ పిస్టల్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పోరలచ్చే హాలు, మనకు మెత్తటి గ్యాసే మంచిది. గ్రీన్ గ్యాసే తెప్పిద్దాం," అని ముత్యం వైపు తిరిగాడు. "నిజం చెప్పు. జన్మల ఒక్కసారన్న పిస్తోలు పేల్చినవా?"

ముత్యం గోడ వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. చెప్పడానికి ఇంకో ఊరు దొరకలేదు.

"లే సేటూ."

"పేల్చుడు నేర్పనీకి రాజు అస్తడు. పేలని పిస్తోలును నీ లెక్క బాగు చేసేటోడు నాకు దొరకడు. రేపు ఎనిమిదింటికి షెడ్డు కాడికి రా. నీ నూనె డబ్బా మాత్రం ఇంట్లనే పెట్టి రా."