తుమ్ములు తెప్పించిన వీడియో

వినుకొండ రోడ్డు మీద సుభానీ టీ బంకు ముందున్న బెంచీ సాయంత్రమైతే జక్రయ్యదే. ఆ రోజు ఆయన చర్చికి తప్ప తొడగని తెల్లచొక్కా వేసుకొచ్చాడు.

"ఏం బాబాయ్, గురువారంనాడు ఈ సోకేంటి?" అన్నాడు ఆటో కోటేష్.

జక్రయ్యకి కావలసింది ఆ ఒక్క ప్రశ్నే.

"ఫేస్‌బుక్కురా అబ్బాయ్! ఈ ఏడు మిరపకాయకి రేటు లేక అందరం నెత్తిన గుడ్డేసుకుని కూర్చున్నామా లేదా? మా ఆవిడ పుల్లమ్మ, పేటలో ఆడాళ్లూ కలిసి కాయలన్నీ కారం పట్టించారు. కొనే నాథుడు లేడు. అప్పుడు నేనేం చేశానూ, అంతకుముందు కల్లంలో కాయలు ఆరబోసినప్పుడు ఫోన్లో తీసిన వీడియో ఎక్కించాను. అంతే! సింగరాయకొండలో పచ్చళ్ల వ్యాపారం చేసే జ్యోతిర్మయి గారంట, అది చూసి ఫోన్ చేసింది. వ్యాన్ తీసుకుని తనే వస్తానంది. ఇవాళే రాక."

అంతవరకూ ప్రతి ముక్కా నిజమే. అక్కడితో ఆపేస్తే మర్యాదగా ఉంటుందని జక్రయ్యకీ తెలుసు. కానీ సుభానీ టీ వడగట్టడం మానేసి వింటున్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా దగ్గరికి జరిగారు. కారం బస్తాలు ఇంట్లో మూలుగుతున్నన్నాళ్లూ ఈ బెంచీ మీద ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నాళ్లకి అందరి చూపూ తన మీదుంటే నాలుక ఊరుకుంటుందా?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీడియో ఎక్కించి అన్నం ముందు కూర్చున్నానో లేదో, ఫోను కాలిపోతోంది!"

"ఛార్జింగు పెట్టుంటావు."

"ఛార్జింగా, నా బొందా! అది మన మిరపకాయ ఘాటు! చూసినవాడల్లా తుమ్మటమే. ఒంగోల్లో ఒకాయన కామెంటు రాస్తా రాస్తా తుమ్మి, సగం అక్షరాలు ఎగరగొట్టుకున్నాడు. హైదరాబాదులో ఎవడో ఏసీ ఆఫీసులో చూశాడంట, ఆఫీసంతా రోడ్డెక్కింది."

"నేనూ చూశానన్నా, నాకు తుమ్ము రాలేదే?" అన్నాడు సుభానీ.

"నీ ఫోను అద్దం పగిలింది కదరా, ఘాటంతా ఆ పగుళ్లలోంచి పోయుంటుంది. అసలు సంగతి విను. జపాన్లో ఒక ముసలాయన. పదేళ్ల నుంచీ జలుబు, వాసనే తెలీదు. మనవరాలు నా వీడియో పెట్టి ఫోను ముక్కు కిందకి తెచ్చింది. ఒక్కటే తుమ్ము! జలుబు పోయింది, ఎదురింటి పెంకులూ పోయాయి. ఏడుస్తా నాకు వీడియో కాల్ చేశాడు."

"నీకు జపాను భాష ఎప్పుడొచ్చింది బాబాయ్?"

"కళ్లనీళ్లకి భాషేంట్రా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన అందరికీ పంపాడు. దేశం దేశమంతా ఒక్కసారే తుమ్మేసరికి ఆ గాలికి సముద్రంలో తుఫాను లేచింది. సరాసరి మన బాపట్ల మీదకే వస్తోంది! పెద్ద ఆఫీసరెవరో ఫోన్ చేసి, 'జక్రయ్యగారూ, ఒడ్డున జనముంటారు, దయచేసి ఆ వీడియో కాసేపు ఆపండి' అని బతిమాలాడు. జాలేసి ఆపాను. తుఫాను నడిసముద్రంలోనే చతికిలబడింది. మొన్న మనకి వాన ఎందుకు రాలేదనుకున్నారు మరి?"

"ఓరి నీ దుంపతెగ! నా పత్తి ఎండబెట్టింది నువ్వా!" అని లేచాడు బెంచీ చివరనున్న రైతు శివనాగరాజు. బంకంతా గొల్లుమంది.

"మరి ఆ పచ్చళ్లావిడ కూడా తుమ్మే ఫోన్ చేసిందా?"

"ఆవిడా! ఆవిడ తుమ్మితే సింగరాయకొండ స్టేషన్లో ఆగిన రైలు..."

"నాకు తుమ్ము రాలేదండీ."

వెనక నుంచి ఆడగొంతు. జక్రయ్య తిరిగి చూస్తే రోడ్డు పక్కన వ్యాన్, దాని ముందు నడివయసు మనిషి ఒకావిడ, ఆవిడ పక్కనే పుల్లమ్మ. పుల్లమ్మ ఆవిణ్ణి ముందే పేటకి తీసుకెళ్లి, సరుకు చూపించి, బస్తాలెత్తేవాళ్ల కోసం వస్తోంది.

"నేనే జ్యోతిర్మయిని. మీ వీడియోలో నాకు ఒక్క మిరపకాయా కనపడలేదు జక్రయ్యగారూ. మొదటి నుంచి చివరిదాకా మీ బొటనవేలే."

కోటేష్ నోట్లో టీ బయటికొచ్చింది.

"కానీ వెనకాల ఎవరో తిడుతున్నారు. 'రంగుపోయిన తాలుకాయ ఒక్కటి కలిసినా కుప్పంతా మళ్లీ ఏరిస్తాను. తినేది మనుషులయ్యా! ఆ ఫోను పారేసి వచ్చి ఏరు' అని. కారం అమ్మేవాళ్లని చాలామందిని చూశాను, ఆ కోపం ఎక్కడా వినలేదు. ఆ గొంతు కోసం వచ్చాను. ఇప్పుడు కారం రుచి చూశాను. ఉన్నదంతా తీసుకుంటున్నాను. ఇకనుంచి నా పచ్చళ్లకి కారం పుల్లమ్మగారి జట్టే పట్టాలి."

బెంచీ మీద నవ్వులకి అంతు లేదు. జక్రయ్య చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకుందామనుకున్నవాడు పుల్లమ్మ మొహం చూశాడు. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆమెకి నవ్వు ఆగడం లేదు. బస్తాలు ఇంటికి చేరిన నాటి నుంచీ ఆమె అలా నవ్వగా ఆయన చూడలేదు. సిగ్గు ఎటు పోయిందో పోయింది. ఛాతీ మళ్లీ పొంగింది.

"విన్నారుగా! మరి ఆ తిట్లు తిన్నదెవరు? నేనే బుద్ధిగా కూర్చుని కాయలు ఏరుంటే పుల్లమ్మ తిట్టేదా? తిట్టకపోతే ఈ వ్యాను వచ్చేదా? నా బద్ధకానికి దండెయ్యండి!"

"దండ తర్వాత. ముందు బస్తాలెత్తు" అంది పుల్లమ్మ.

జక్రయ్య వ్యాన్లో డ్రైవరు పక్కన దర్జాగా ఎక్కి కూర్చున్నాడు. కోటేష్ ఆటో తీశాడు. పత్తి ఎండిన శివనాగరాజుతో సహా బెంచీ మీదున్నవాళ్లంతా అందులోకి ఎక్కి, బస్తాలకి ఓ చెయ్యి వేద్దామని పేట దారి పట్టారు.