మెర్లో కాదట

అలా చూడకండి. ఆ అధికారిని నేను పిలిపించానా? మీరు పోయారు, వైన్ లైసెన్సు నా పేరుకి మార్చాలంటే తోట చూడాలన్నారు, చూపించాను. ఫోటోలోకి ఎక్కినా ఆ కనుబొమలెత్తడం మాత్రం మానరు కదా!

వచ్చినాయన పాపం నెమ్మదస్తుడు. ఒక ఆకు తుంచి వెనక్కి తిప్పి చూశాడు. ఇంకోటి తుంచాడు. ఓ కొమ్మ కోసుకుపోయి పరీక్ష చేయించాడు. ఇవాళ కాగితం పట్టుకొచ్చి, "అమ్మా, ఇది మెర్లో కాదు, కార్మెనేర్" అన్నాడు. రెండూ నల్లద్రాక్షేనట, చూడ్డానికి అక్కచెల్లెళ్ళట.

మెర్లో కాదటండీ!

ఇరవై ఆరేళ్ళు సీసా వెనకాల ఏం రాయించారు మీరు? "పండిన ప్లమ్ పండు రుచి, చాక్లెట్ వాసన, నాలుక మీద మెత్తదనం. కాల్చిన కోడితో, పుట్టగొడుగులతో పుచ్చుకోవలెను." పుచ్చుకోవలెనట! మొదటి గుక్కకే నేనేమన్నాను? క్యాప్సికమ్ కోసినప్పటి వాసనొస్తోందండీ, చివర్లో మిరియాల ఘాటు తగులుతోందండీ అన్నానా లేదా? "వంటింట్లోంచి వచ్చిన ముక్కుకి అన్నీ కూరగాయలే" అన్నారు, పదిమంది ఎదురుగా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను మరి.

కోడితో అది కుదిరి చస్తేగా! కోడి రుచిని మింగేసి కూర్చునేది. మిరియాలు దట్టంగా పట్టించి నిప్పుల మీద కాల్చిన గొర్రెమాంసం పక్కన పెడితే, అప్పుడు చూడాలి దాని సంగతి. ముందు గదిలో మీరు అతిథులకి ఉపన్యాసం ఇస్తుంటే, వెనక గదిలో పనివాళ్ళూ నేనూ అలాగే లాగించేవాళ్ళం. మీకు చెప్పలేదు.

ఇంతకీ ఆ పచ్చివాసన ఎందుకో తెలుసా? ఈ రకం మెర్లో కంటే మూడు వారాలు ఆలస్యంగా పండుతుందట. మీరేమో ఏటేటా తొందరపడి కోయించారు. వైన్ బాగోలేకపోతే తప్పు మట్టిది, పీపాలది, కోసిన వాళ్ళది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! కాలు విరిగి మీరు మంచాన పడ్డ ఏడు కోత నెల్లాళ్ళు వెనకబడింది, చూడండి, ఆ ఏడే మనకి బహుమతి. "మంచంలోంచే ఎలా నడిపించానో చూశావా" అన్నారు. మరుసటేడు మళ్ళీ మామూలే.

సరే, అసలు సంగతి వినండి. వినక ఎక్కడికి పోతారు లెండి.

"ఇది మెర్లో కాదని ఇంట్లో ఎవరికైనా ముందే తెలుసా?" అని అడిగాడాయన. తెలిసి తప్పు పేరు వేస్తే మోసం, లైసెన్సు పోతుంది. తెలియక వేస్తే, పేరు మార్చుకోమని వదిలేస్తారు. ఈ తోట మీద అమ్మాయీ అల్లుడే కాదు, తొమ్మిది కుటుంబాలు బతుకుతున్నాయి. ఏం రాయమంటారు? "మా ఆయనకి ద్రాక్ష గురించి పెద్దగా తెలియదు. అమాయకంగా నమ్మి నాటారు" అని రాసి సంతకం పెట్టాను.

పరువు తీశాననే కదా మీ కోపం? తీశాను. రాస్తుంటే బాధేసింది. కాస్త హాయిగానూ అనిపించింది. రెండూ నిజమే.

ఒక్కటి మాత్రం ఆయనకి చెప్పలేదు. మొక్కలొచ్చిన రోజు మీరు ఊళ్ళో లేరు. వానకి తడిసి బండిలో అందరి కట్టల చీటీలూ ఊడిపోయాయి. నర్సరీ అతను "వీటిల్లో మీదేదమ్మా?" అన్నాడు. మీరు తెప్పించింది మెర్లో అని తప్ప నాకేం తెలుసు? పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. తెలీదంటే మీరొచ్చి ఇంతెత్తున లేస్తారని, వేళ్ళు లావుగా ఉన్న కట్ట చూపించి ఇదే అనేశాను. చీటీ మీద మెర్లో అని రాసి కట్టింది కూడా నేనే. మర్నాడు మీరొచ్చి, వంగి చూసి, "మెర్లో అంటే ఇదీ" అన్నారు.

చెబుదామనే అనుకున్నానండీ. మొదటి కాపప్పుడు అనుకున్నాను, బహుమతప్పుడు అనుకున్నాను. మీరు మాట్లాడ్డం ఆపాక చెబుదామని కూర్చున్నాను.

ఇదిగో, ఇవాళ్టికి కుదిరింది.