ఏడు నిమిషాలు

అలెగ్జాండ్రియాలో ఒక ఆసుపత్రి. కంప్యూటర్ల విభాగం. మిట్టమధ్యాహ్నం.

"తుడిచెయ్యి నజ్లా. లాగ్‌లో ఒక్క వరుసేగా!"

"ఒక్క వరుసే, రిఫాత్ సార్. ఏ కంప్యూటర్ నుంచి ఎవరు డేటాబేస్‌లోకి వచ్చారో, ఎంతసేపున్నారో కాపలా కాయడమే నా ఉద్యోగం. అది తుడిచేస్తే నేనిక్కడ టీ తాగడానికి కూర్చున్నట్టు."

"తాగు. ఎవరొద్దన్నారు? ఎల్లుండి తనిఖీకి వస్తున్నారమ్మా."

"రానివ్వండి. నిన్న రెండూ పదికి మీ గదిలోంచి ఎవరో కిడ్నీ మార్పిడి జాబితాలోకి వెళ్లారు. ఏడు నిమిషాలున్నారు. బయటికొచ్చేసరికి నలభై ఒకటో పేరు మూడోదైంది."

"నేనప్పుడు భోజనానికెళ్లాను."

"మీ పాస్‌వర్డ్ మాత్రం గదిలోనే ఉండి పనిచేసుకుంది."

"ఎంత నోరమ్మా నీకు! పెద్దా చిన్నా లేదా?"

"మూడో చోట ఉండాల్సింది జుమానా. తొమ్మిదేళ్లు సార్ ఆ పిల్లకి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటోంది. ఇప్పుడు నాలుగో చోటుకి దిగింది."

"ఒక్క మెట్టేగా."

"ఆ మెట్టు మీద మీ పిల్లని నిలబెట్టి అనండి ఆ మాట."

"చూడు తల్లీ… పైకెక్కిన పేరు చదివావా అసలు?"

"చదివాను."

"పూర్తిగా?"

"తండ్రి పేరు, తాత పేరుతో సహా."

"చదివీ ఈ మాటలా? మీ అన్నయ్య హాతిం పేరే కదా అది! నీ కోసమేగా చేశాను! నెల్రోజులుగా క్యాంటీన్లో పళ్లెం ముందు పెట్టుకుని ఏడుస్తుంటే చూళ్లేక—"

"నేనడిగానా?"

"అడగాలా? మనుషులం కామా?"

"మీరు మంచివారే సార్. అందుకే తిట్టడానికి నోరు రావట్లేదు. కానీ తుడవను."

"నా ఉద్యోగం పోతుంది."

"పోతుంది. నాదీ పోతుందేమో. తుడవను."

"అదొక్కటేనా? హాతిం మళ్లీ నలభై ఒకటికి పోతాడు! వంతొచ్చేదాకా వాడు ఉంటాడో లేదో… తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ అంటున్నావా? ఏం చెల్లెలివమ్మా నువ్వు? వాడి మొహం చూసి చెప్పగలవా ఈ మాట?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"పొద్దున్నే. వార్డుకెళ్లి, మంచం పక్కన కూర్చుని. చెప్పాను."

"ఏమన్నాడు?"

"దిండుకి ఆనుకుని లేచి కూర్చుని, కాగితం తెమ్మన్నాడు. మార్పిడి కమిటీకి ఫిర్యాదు వెళ్లింది సార్. రాసింది నేను కాదు, అన్నయ్యే."