కృపామణమ్మ చెప్పిన అబద్దం

ఆ సున్నం బకెట్టు రోంత ఇట్ల జరుపు పాపా. చెయ్యి పెట్టబాక, కాల్తాది. మా బిడ్డ లోకేశ్వరి నిన్ననే నానబెట్టింది, మీ అవ్వ సమాధికని. ఏమంటివీ? మీ అవ్వ ఎట్లాంటిదనా? మీ నాయన్ని అడగాల్సింది. ఓ, నోరిప్పడా! యాడ ఇప్పుతాడు బాలచంద్ర దొరగారు. చిత్తూరు నుంచి పూతలపట్టుకు అర్ధగంట బస్సు. తల్లి పెట్టెమింద పిడికెడు మన్నేసేదానికి దావ దొరకలేదు ఆయనకు. నిన్ను పంపించినాడా సమాధుల పండగకి? సెప్పకుండా వచ్చినావా? మంచిపని చేసినావు.

రోడ్డు క్రాస్ కాడ ఫ్లెక్సీ సూసినావా? "నర్సమ్మ కృపామణికి ఘన నివాళి" అంట. పెద్దింటి గిరిప్రసాద్ కట్టించినాడు. ఆమె ఫోటో రేగ్గాయంత, వాడి మొగం గుమ్మడికాయంత. థూ! ఆ గుమ్మడికాయను బయటికి లాగింది మీ అవ్వే. ఆ కాన్పు పొద్దు గిరిప్రసాదు వాళ్ల అవ్వ ఏమనింది? "ఏమ్మే నర్సూ, ముందర వాకిట్లో రాబాక, గొడ్లకొట్టం దావన రా." బిడ్డ పుట్టినాక కొత్తకోక ఇచ్చింది, చేతికి కాదు, నేలమింద పెట్టి. మీ అవ్వ తీసుకునింది. అట్లాంటి కోకల్ని నాలుగు తూర్లు ఉతికి, మెత్తగైనాక ముక్కలు చించి సంచిలో పెట్టుకునేది. పుట్టిన బిడ్డకు పాతగుడ్డే చుట్టాల గదా. పెద్దిండ్ల కోకలన్నీ కూలోళ్ల బిడ్డలకు చుట్టింది. మరి గిరిప్రసాదుకు చుట్టింది ఎవురి కోక? మా అమ్మది! కలుపు తీసే కోక! ఏపించమను ఫ్లెక్సీలో అది.

చర్చిలో వాళ్లు మటుకు తక్కువా? ఆదివారం తప్పకుండా పూజకు వచ్చేది మీ అవ్వ. కాన్పు ముగించుకోని ఆలీసంగా వచ్చి ఆఖరి వరసలో మోకాళ్లూనేది. డెటాల్ వాసనని ముందర వరస ఆడోళ్లు ముక్కుకు కొంగడ్డం పెట్టుకునేవాళ్లు. "కృపామణికి దేవుడికన్నా కాన్పులెక్కువమ్మా" అనేవాళ్లు. వాళ్ల బిడ్డలంతా ఎవురి చేతుల్లో పడినారో, మహాతల్లులకు.

ఏందీ? అబద్దాలకోరు అంటాడా మీ నాయన? ఇంగా అదే మాటా?

ఆ కుంచె ఇట్లియ్యి.

మీ నాయనకు తొమ్మిదేండ్లప్పుడు. చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే దినం. బిడ్డలందరికీ తెల్లగుడ్డలు, చేతిలో కొవ్వొత్తి, ప్రతి బిడ్డ ఎనకా వాళ్లమ్మ నడవాల. మీ తాత అప్పుటికే లేడు. సరిగ్గా గంట కొట్టేతలికి ఒకడు సైకిలేసుకోని వచ్చినాడు. ఆమెను పక్క వాకిలి కాడికి పిలిపించి, కాళ్లమింద పడినాడు. "అమ్మా, నా పెండ్లానికి ఉమ్మనీరు పోయింది, బిడ్డ అడ్డం తిరిగింది, నువ్వు రాకుంటే ఇద్దురూ దక్కరు" అని. ఆమె లోపలికి పోయి, కొవ్వొత్తి మీ నాయన చేతిలో పెట్టి, "నడువు నాయనా, వచ్చేస్తా" అనేసి సైకిలెక్కేసింది. అందరెనకా అమ్మలు. మీ నాయనెనక ఎవురూ లేరు.

ఆడికి పోయి సూస్తే ఏముండాది? ఉత్త నడుంనొప్పి! ఉమ్మనీరూ లేదు, సింగినాదమూ లేదు. అంతకుముందు బిడ్డ పుట్టి సచ్చిపోయుండాది, భయం ఆ ఎదవకి. నర్సమ్మ యాడ రాకుండా పోతాదో అని నోటికొచ్చింది సెప్పినాడు. మీ అవ్వ ఆ పిల్ల కడుపుమింద చెయ్యేసి సూసి, వాడి మొగం సూసింది. తిట్లా. "ఇంగా టైముండాది. వచ్చినాను గదా, ఉంటాలే" అనింది. బిడ్డ మర్నాడు మాపటేల పుట్టింది.

ఇంటికి పోతే మీ నాయన అడిగినాడు, యాలమ్మా రాలేదని. "రెండు ప్రాణాల మింద ఉన్నింది నాయనా" అనింది. వాడు నన్ను మోసం చేసినాడని ఒక్క మాట అన్లా. వారం తిరక్కుండా ఆ ఎదవ తల్లి సంతలో గొప్పలు పోయింది. "నొప్పులు రాకముందే నర్సమ్మను తెచ్చి కూకోబెట్టినాడు మావోడు, మారాజు!" పక్క అంగడిలో మీ నాయన, ఎర్రగడ్డలు తూకమేపిస్తా నిలబడుండాడు. ఆ పొద్దునుంచి తల్లి అబద్దాలకోరయిపాయ. ముప్పైయారేండ్లు! ఆమె మాత్రం సచ్చేదాకా నోరిప్పలా. ఫ్లెక్సీ కట్టినోడిని అంటాండా గానీ, వాడి అబద్దం ఊరికంతా కనిపిస్తా వేలాడతాండాది, అదైనా నయం.

ఎవురా వాడు? ఎవురో ఒక ఎదవలే పాపా.

ఆ బిడ్డా? ఉండాదిలే. పొద్దున మా ఇంట్లో నీకు కాఫీ పోసిచ్చింది గదా.

...ఫోనెందుకు తీస్తాండావు? ఎవురికి? మీ నాయనకా? వద్దు పాపా. లోపల పెట్టు... ఉండు. నా చేతులు సున్నం. నువ్వే పట్టుకో, నా చెవి కాడ.

ఎత్తినాడా?