బంకమట్టి మీద పన్నెండు క్యాబేజీలు

ముట్టుకోకండి గార్సైడ్ గారూ. క్యాబేజీ ఎక్కడికీ పారిపోదు కదా, ముందు ఈ టీ పుచ్చుకోండి. ఫ్లాస్కులోదే, ఇంకా వేడిగా ఉంది. తోట కమిటీ కార్యదర్శి అన్నాక తనిఖీ చెయ్యాల్సిందే, కాదనను. కానీ మనిషి చెప్పేది వినకుండా రాసుకుపోతే ఎలా చెప్పండి?

మొదటి ఏడాదిలో ముప్పాతిక భాగం సాగవ్వకపోతే మడి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు. ఊరి తోటలో ఈ అద్దె మడి కోసం ఆరేళ్ళు మీ జాబితాలో పడి ఉన్నానండి, రాకుండా ఉంటుందా?

ససెక్స్ బంకమట్టి సంగతి మీకు నేను చెప్పాలా? వాన పడితే బూటు వదలదు, ఎండ కాస్తే గునపం దిగదు. నా ఎడమ బూటు ఫిబ్రవరి నుంచీ ఆ మూలే ఉంది.

అయినా తప్పంతా మట్టిది కాదులెండి. సలహాలది.

అక్టోబర్‌లో ఎడమ పక్క మడి హెడ్లీ గారొచ్చి గేటు మీద మోచేతులు ఆనించారు. "ఎనిడ్, రెండు పారల లోతు తవ్వి, పెళ్ళలు అలాగే వదిలెయ్. గడ్డకట్టే చలికి అవే పొడిపొడి అవుతాయి" అన్నారు. ముప్పై ఏళ్ళ అనుభవం, కాదంటామా? తవ్వాను. మూడు వారాలు నడుం పట్టేసింది.

తవ్వాక కుడి పక్క మడి ప్రూడెన్స్ వచ్చింది. చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను వానపాముల కొంపలు కూల్చానట. "పార ముట్టుకోకూడదు ఎనిడ్. అట్టపెట్టెలు పరిచి పైన ఎరువు పోసెయ్, మట్టి తనే బాగుపడుతుంది" అంది. నిమ్మకాయ కేకు కూడా తెచ్చింది. కేకు తిని కాదంటే ఏం మర్యాద? పరిచాను.

జనవరిలో హెడ్లీ గారు ఓ అట్ట ఎత్తి చూసి, "ఇలా దుప్పటి కప్పితే చలి ఎలా తగులుతుందమ్మా?" అన్నారు. తీసేశాను. ప్రూడెన్స్ వస్తుందని మళ్ళీ కప్పాను. ఆయనొచ్చేది మంగళవారం, ఆవిడొచ్చేది శనివారం. చలికాలమంతా తీయడం, కప్పడం, ఇదే నా సేద్యం.

ఇక మార్చిలో ఇసుక. ఎవరు చెప్పారంటారా? మీరేనండి. కొత్త సభ్యులకిచ్చే మీ కరపత్రంలో మూడో పేజీ. 'బంకమట్టిలో ఇసుక కలిపిన గుల్లబారును' అని మీరే రాశారు. ఒంటిచక్రం బండితో పదహారు సార్లు తోలాను, వానలో, తొక్కి తొక్కి కలిపాను. జూన్ ఎండకి ఏమైందో మీ బూటుతో తన్ని చూడండి. మెల్లిగా, వేలు విరుగుతుంది. బంకమట్టి, ఇసుక, నీళ్ళు, ఎండ. దీన్నే కదండీ జనం ఇటుక అంటారు?

మరి క్యాబేజీలెలా పెరిగాయంటారా? ఆకుకి ఒక్క కన్నమైనా లేదేమంటారా? నత్తలక్కూడా మర్యాద తెలుసేమోనండి, నన్నడిగితే...

అయ్యో, ఎత్తేశారా.

అవును, వేరు లేదు. పాతుదామనే చూశాను, గునపం దిగితేగా. అందుకే పైన కూర్చోబెట్టాను. పన్నెండూ కొట్లో కొన్నవే. పొద్దున బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

ఎవరో ఒకరి మాట విని ఊరుకోవచ్చుగా అంటారు. ఊరుకోవచ్చు. ముప్పై ఏళ్ళు బడి వంటగదిలో వండి రిటైరయ్యాను, మూడో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటాను. ఎదురు తలుపావిడ పదకొండేళ్ళుగా 'గుడ్ మార్నింగ్' దాటి ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. మన ఇంగ్లీషువాళ్ళు నోరు తెరవాలంటే వానైనా కురవాలి, పక్కవాళ్ళ మట్టైనా పాడవ్వాలి. ఈ గేటు దగ్గర వారానికి రెండు రోజులు నన్ను పేరు పెట్టి పిలిచారండి. ఒకరి మాట కాదంటే ఆ ఒక్కరూ మళ్ళీ రారేమోనని భయమేసింది. అంతే.

సరే, రాసుకోండి. ముప్పాతిక కాదు కదా, వీసం కూడా సాగు కాలేదు. నా తర్వాత వచ్చేవాళ్ళకి మాత్రం ఆ కరపత్రం ఇవ్వకండి, మీకు పుణ్యముంటుంది.

పుస్తకం మూసేశారేం? వచ్చే ఏడాది సెప్టెంబర్ దాకా గడువా?

అదేమిటి, మీరూ గేటు మీద మోచేతులు ఆనిస్తున్నారు. గుర్రపు పెంటా? ఇసుక సంగతి మర్చిపోయి, జానెడు మందాన గుర్రపు పెంట వెయ్యమంటారా?

అలాగేనండీ, వేస్తాను. చూడ్డానికి మీరు ఏ రోజు వస్తారు? మంగళవారం, శనివారం మాత్రం కుదరదు.