షిగేవో కోసం ఇంకో పళ్ళెం

ఏంటే రోవెనా, దియోనీసియా అవ్వ గురించా? జపాన్ వెళ్ళబోయే ముందే గుర్తొచ్చిందా నీకు? కూర్చో, కూర్చో. ఆ పొయ్యి మీద అన్నం ఓ కంట చూస్తూ ఉండు. మీ అమ్మ చెప్పుంటుంది, నోటికి హద్దు లేని మనిషని. నిజమే. అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు నోట్లో ఉండగానే నన్ను తిట్టేది, అదెలా చేతనయ్యేదో మరి. చెరుకు సారా కాచేది. ఆ సారా తాగి మీ చినతాత ఓసారి గేదె మీద... సరే, అదెందుకులే.

ఆవిడ మొగుడు ఆన్సెల్మో. యుద్ధం చివర్లో జపాన్ సైనికులు కొండల్లోకి పారిపోతూ మన ఊరి ధాన్యం, గేదెలు పట్టుకుపోయారు. మూటలు మొయ్యడానికి మగాళ్ళని నడుములకి తాడు కట్టి తోలుకుపోయారు. ఆన్సెల్మోని, మా అన్న క్రిస్పోని. అన్నకి మీసం కూడా సరిగా రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే తుపాకి మడమతో మూతి మీద కొట్టారు. నేను చూశాను. ఆ మీదట అందరూ పైన గుహలో దాక్కున్నారు, అమెరికా విమానాలు బాంబులేశాయి, కొండ విరిగి గుహ మూసుకుపోయింది. మోసినవాడూ మోయించినవాడూ లోపలే.

ముప్ఫై ఏళ్ళో ఎంతో గడిచాక ఓ బస్సు దిగింది. నిండా జపాన్ ముసలాళ్ళే. మా వాళ్ళ ఎముకలు తీసుకుపోతాం అన్నారు. గుహ తవ్వించారు. చూస్తే ఏముంది, అన్నీ కలిసిపోయున్నాయి. ఏది ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. ఇక్కడే కాల్చి బూడిద పట్టుకుపోతామనేసరికి దియోనీసియా కత్తి పట్టుకుని ఆ కుప్ప ముందు బైఠాయించింది. "బతికుండగా కట్టి లాక్కెళ్ళారు, చచ్చాక డబ్బాలో లాక్కెళ్తారా? నా మొగుణ్ణి కాల్చే మొనగాడు ఎవడ్రా, ముందుకు రమ్మను!" అని. పోలీసు కూడా దగ్గరికి పోలేదు.

అప్పుడు వాళ్ళలోంచి ఓ ముసలమ్మ, కియోనో అని, మెల్లగా ఈవిణ్ణి దాటుకుని వెళ్ళి గుహలోకి తొంగిచూసి ఏదో పిలవడం మొదలెట్టింది. గొంతు బొంగురుపోయినా ఆపదే! "ఏమంటోందిరా అది?" అని దుబాసీని అడిగింది దియోనీసియా. "ఆవిడ కొడుకండీ, షిగేవో. 'అమ్మ వచ్చింది, రా, పోదాం, ఇక్కడే ఉండిపోకు' అంటోంది" అన్నాడు వాడు.

నీకు తెలుసు కదే. చిన్నప్పుడు ఏట్లోంచి నిన్ను ఇంటికి తెస్తూ మీ అమ్మ పిలిచేది కాదూ, "రోవెనా, రా, పోదాం, ఉండిపోకు" అని? పేరు పెట్టి పిలవకపోతే ప్రాణం అక్కడే ఉండిపోతుందని. దియోనీసియా ఏటేటా ఆ గుహ మూసేసిన మట్టిపెళ్ళల ముందు మొగుణ్ణి పిలిచిన మాటే అది, అక్షరం పొల్లుపోకుండా. కత్తి కింద పెట్టేసింది. తర్వాత అంది, "కాల్చుకోండి. సగం బూడిద నాది. నీ కొడుకు సగం నా దగ్గరుంటాడు, నా మొగుడు సగం నీ దగ్గరుంటాడు. నువ్వు నా వాడి పేరు నేర్చుకో, నేను నీ వాడి పేరు నేర్చుకుంటా." కియోనోకి ఆన్సెల్మో అనడం ఎంతకీ నోరు తిరగదే! "సరిగ్గా అను, లేకపోతే వాడు పలకడు, అసలే పొగరుబోతు" అని కసిరేది ఈవిడ, ఏడుస్తూనే.

ఆ సాయంత్రం దియోనీసియా మా గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, క్రిస్పో పేరు కూడా ఆవిడకి చెప్పనా? అక్కడ పిలుస్తుంది" అంది. మా అమ్మ బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు. "నా కొడుకు పేరు వాళ్ళ నోట పడిందో, నీ నాలుక కోస్తా. పో" అంది. అమ్మని నేను తప్పు పట్టను. ఆ మూతి మీద దెబ్బ అమ్మ కూడా చూసింది.

దియోనీసియా మాట దాటలేదు. చచ్చినవాళ్ళ పండక్కి రెండు పళ్ళేలు పెట్టేది, ఒకటి మొగుడికి, ఇంకోటి షిగేవోకి. అదే గుడ్డు, అదే జిగురన్నం, అదే పొగాకు. కియోనో కొన్నేళ్ళు వచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు, మన సగం బూడిద పూడ్చిన సమాధి గట్టు మీద కూర్చుని చుట్ట మార్చుకుని మార్చుకుని తాగేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళు జపానోళ్ళ వియ్యపురాలని వెక్కిరించారు, ఇంటి మీద పేడ కొట్టారు. ఆవిడ కడుక్కుంది. ఆనక కియోనో రావడం మానేసింది, పోయుంటుంది. మన ముసల్దీ పోయింది. ఆఖరి రాత్రి మొగుణ్ణి పిలుస్తుందనుకున్నాం. "షిగేవో, రా నాయనా, ఉండిపోకు" అంది. అంతే.

అమ్మ పోయాక నేను సమాధి దగ్గరికెళ్ళి అన్నని పిలిచాను. ఇక్కడున్న సగం విన్నాడేమో. అక్కడున్న సగాన్ని ఇన్నేళ్ళలో ఎవరు పిలిచారే? వాణ్ణి కట్టి లాక్కెళ్ళినవాళ్ళ మధ్యే ఉన్నాడు, పేరు లేకుండా.

నువ్వు వెళ్తున్నావుగా, వాళ్ళ ముసలాళ్ళకి అన్నం పెట్టి ఒళ్ళు తుడిచే పనికి. మంచి పనే, చెయ్యి. వాళ్ళు ఏ ఊరు తీసుకెళ్ళారో నాకు తెలీదు. ఎక్కడైనా సరే, ఓ ఏటిగట్టున నిలబడి పిలువు. "క్రిస్పో తాతా, రా, పోదాం, ఇక్కడే ఉండిపోకు" అని. సిగ్గెందుకే, నీ భాష అక్కడెవడికి తెలుస్తుంది? గట్టిగా పిలువు. వాడికి కుడిచెవి సరిగా వినపడదు.

... అదిగో, అన్నం మాడు వాసనొస్తోంది. దించవే.