లారీ కడిగి చేయించిన ప్రమాణం

"తాతా, ఆ లారీ కిచ్ కిచ్ కథ చెప్పు. అవ్వ లోపలే ఉండాది. నువ్వు కోతలు కోస్తే ఆమె సరిచేస్తాది."

ఆన్ అయిందా? ఆ ఎర్ర సుక్క మిణుకు మిణుకుమంటాండాదే, అదేనా? సరే. నువ్వు మాత్రం నడమన నవ్వకూడదు. నవ్వినావంటే ఆపేస్తా, ముందే సెప్తాండా.

యాణ్ణించి మొదులుపెట్టేది... అమ్మిన కాణ్ణించి సెప్తాలే. ఆ లారీ నేను కొన్నప్పుడే పాతది అమ్మణ్ణీ. సేలం పక్క ఎవురో వాడి వాడి వదిలేసిన బండి. అట్టాంటి దాంతోనే మీ నాయన సదువు, మీ అత్త పెండ్లి, ఈ మిద్ది, అన్నీ అయినాయి. మామిడికాయలు తోలినా, బెల్లం తోలినా, ఇటుకలు తోలినా. నేను కొత్తగా స్టీరింగు పట్టిన దినాల్లో పూతలపట్టు కూడలిలో నాలుగణాలకు టీ ఇచ్చేవోళ్ళు, గలాసు నిండా. ఇప్పుడు ఇచ్చేది సూడు, పోలియో సుక్కల మాదిరి! ఏం సెప్తాంటి? ఆ, బండి.

దాని వొళ్ళంతా నాకు తెలుసు. మూడో గేరులో గుయ్యిమంటాది. అది జబ్బు కాదు, దాని గొంతే అంత. పొద్దున్నే లేపితే దగ్గుతాది, నా మాదిరే. ఎడమ తలుపు కాలితో తన్నితే గాని రాదు. నా మోకాళ్ళు క్లచ్చి తొక్కలేక మొరాయిస్తాంటే, ఇంగ సాల్లే అనుకోని అమ్మేస్తానన్నా. "నేను కొంటా బావా" అని వచ్చినాడు మునిరత్నం. అదే, మీ అవ్వ తమ్ముడు. మంచోడే పాపం. కాకపోతే సంతలో వంకాయలు కొనాలన్నా అంగళ్ళన్నీ తిరిగి, మళ్ళా మొదటి అంగడికే వచ్చే రకం. వాడు తల గీక్కుంటా, "బావా, తప్పుగా అనుకోవద్దు. కాణిపాకంలో ఒగ మాట సెప్పేస్తే నాకు నిమ్మళంగా ఉంటాది" అన్నాడు.

అంటే ప్రమాణం! కాణిపాకం సామి ముందర అబద్ధమాడితే ఆయన ఊరుకోడని మన పక్క అందురికీ బయమే కదా. అప్పు ఎగ్గొట్టినోడు, దొంగతనం సేసినోడు పోయి నిలబడే తావు అది. ఆడ నన్ను నిలబెడతానంటాడు, సొంత బావను! నేను నవ్వేసినా గానీ, మీ అవ్వ సేతిలో గరిటె ఉండింది ఆ పొద్దు. "ఏమిరా, నా మొగుడు నీకు దొంగ మాదిరి అగుపడతాండాడా?" అనింది. వాడు గోడకు అతుక్కపాయ. పోనీలే, మనకేం బయం అని నేనే సర్దిసెప్పినా.

పోయే దినం వాడే బండి తోలుకోని వచ్చినాడు. ముందు రోజే తాళం తీసకపోయినాడులే. నేను గుర్తుపట్టలేదు అమ్మణ్ణీ! కడిగించి, పసుపు కుంకుమ పెట్టించి, పూలమాల ఏసి, కొత్త పెండ్లికూతురు మాదిరి తళతళమంటాండాది. నా సేతిలో ఎప్పుడూ అంత సోకు పళ్ళేదది.

ఆడ తలకు నీళ్ళు పోసుకోని, తడి గుడ్డలతోనే సామి ముందర నిలబడినా. "ఈ బండిలో దాసిపెట్టిన జబ్బు ఏదీ లేదు సామీ. నాకు తెలిసిన సద్దు ప్రతి ఒగటీ వీడికి సెప్పేసినా" అన్నా. అంతటితో ఊరుకుంటే పోయేది. మనసు ఒప్పలే. తలుపు తన్నాల సామీ అన్నా. వైపరు ఏస్తే హారను బొంగురుపోతాది సామీ అన్నా. ఎనక జనం నిలబడుండారు. వాళ్ళలో ఒగాయమ్మ, "ఓయప్పా, నువ్వు ప్రమాణం సేస్తాండావా, షెడ్డులో బండి అప్పగిస్తాండావా?" అనింది. అయ్యవారు నా సేతిలో తీర్థం పోసి ముందరికి తోసేసినాడు.

వారం తిరగలే. మునిరత్నం ఫోను. "బావా, బండి కిచ్ కిచ్ కిచ్ కిచ్ అంటాండాది" అంటాడు. "నువ్వు సెప్పినదాంట్లో ఇది లేదే బావా" అన్నాడు. అంతే. అంతకు మించి ఒగ మాట అనలేదు. అనుంటే బాగుండు, నేను గూడా తిరిగి తిట్టేవోణ్ణి.

షెడ్లలో సూపిచ్చినాడంట. ఒగరు గేరుబాక్సు లోపల బేరింగు పోయిందన్నారు, దించాలన్నారు. ఇంకొగరు క్లచ్చి అన్నారు. మామిడి సీజను నెత్తిన ఉండాది. ఆ దినాల్లో గేరుబాక్సు దించినారంటే, కాయలు తోపులో మాగిపోయినాక గాని బండి రోడ్డెక్కదు. వాడి బాద వాడిది. నా బాద ఏరే. సామి ముందర అబద్ధం సెప్పినాడన్న పేరు వస్తే నేను ఏ మొగం పెట్టుకోని తిరిగేది?

మీ అవ్వ గూడా ఆ ఫోను వచ్చినప్పటి నుంచి నన్ను అదోమాదిరి సూడబట్టింది. దగ్గితే సూస్తాది. తుమ్మితే సూస్తాది. మెట్లు దిగతాంటే ఎనకాల వచ్చి నిలబడతాది. "ఏమే?" అంటే "ఏం లేదు" అంటాది. సామి నాకు ఏ మూల శిచ్చ ఏస్తాడో అని కాసుకోనుండాదేమో అనుకున్నా! కూరగాయలకు నా స్కూటరు ఎక్కేది గూడా మానేసి, నడిసి పోబట్టింది. నవ్వద్దన్నానా, లేదా?

ఒగ ఆదివారం మునిరత్నం ఇంటికే వచ్చినాడు. ఆ సద్దును ఫోనులో పట్టకొచ్చినాడు, నువ్వు ఇప్పుడు నన్ను పట్టినట్టే. ఏసినాడు. మీ అవ్వ సెవులు మూసుకునింది. గడప మీద పండుకోనున్న పిల్లి లేసి నిలబడింది. నేనా? నేను ఫోను పక్కే సూస్తాండా, ఎప్పుడు మొదులవుతాదా అని. నాకు ఇంజను డుగుడుగు వినపడతాండాది. మూడో గేరు గుయ్యి వినపడతాండాది. కిచ్ కిచ్ లేదు. "ఇంగోతూరి ఏయప్పా" అన్నా. ఏసినాడు. పిల్లి వాకిలి దాటి వీదిలోకి పాయ. నాకు మాత్రం ఏమీ లేదు.

సన్న సద్దులు నా సెవిన పడవని ఆ పొద్దే తెలిసింది అమ్మణ్ణీ. అంతకు ముందర మన వీదిలో పిచ్చుకలు పోయినాయి, అంతా ఈ సెల్ టవర్ల పుణ్యమేనని అగుపడినోళ్ళకందరికీ సెప్తాంటి. అవి మన సూరులోనే ఉండాయంట. తెల్లారితే గోల గోలంట.

అప్పుడు పట్టుకునింది నాకు అసలు బయం. నాకు తెలిసిన సద్దులన్నీ సెప్పేసినా అని కదా సామితో అనింది. అబద్ధం కాదది. కానీ బండి ముందు నుంచే అరస్తా ఉండి, నాకే వినపడకుండా ఉంటే? అప్పుడు వాడు మోసపోయినట్టే కదా. నేను నిజం సెప్పినానో లేదో నాకే తెలవకపాయ! ఇది ఎవురితో సెప్పుకునేది?

మర్నాడు లారీని కాళీగా తెమ్మన్నా. "తెచ్చి ఇచ్చేసి పో, నాతో బండిలో మీ అక్క వస్తాది" అన్నా. వాడికి అర్తం కాలే. మీ అవ్వ రానంటే రానని కూర్చునింది. పక్కకు పిలిసి లోగొంతుతో సెప్పినా. "మే, నాకు ఆ సద్దు వినపడదు. నువ్వు విని సెప్తే గాని నేను కనిపెట్టలేను." ఆశ్చర్యపోతాదేమో అనుకున్నా. పోలే. కొంగు దోపుకోని లేసింది. ఎడమ తలుపును తానే తన్నింది.

ముందు బండిని నిలబెట్టే యాక్సిలేటరు తొక్కినా. "ఉండాదా?" అంటే "లేదు" అనింది. అంటే ఇంజను కాదు, బెల్టు కాదు. రోడ్డెక్కినాం. "వచ్చె, వచ్చె!" అనింది. క్లచ్చి తొక్కిపట్టినా. "ఇప్పుడు?" "అట్నే ఉండాది." అయితే క్లచ్చి గూడా కాదు. ఎవురూ లేని సిన్న పల్లంలో గేరు తీసేసి వదిలినా. నువ్వు అట్ట సేయొద్దు మళ్ళ, లోడు బండితో అసలే సేయకూడదు. "తగ్గిందా?" "తగ్గలే. బండి నిదానమైతే అదీ నిదానమైతాండాది." అదీ మాట! ఇంజను పనితో దానికి సంబంధం లేదు, సక్రాల ఎంబడి పోతాండాది. "సక్రం ఒగ సుట్టుకు ఒగ తూరేనా?" అంటే, కిటికీలోంచి సక్రాన్నే సూస్తా, "శానా తూర్లు" అనింది. సక్రం కంటే బిరీన తిరిగేది ఏముండాది? గేరుబాక్సు నుంచి ఎనక ఇరుసుకు పొడుగ్గా పోతాదే కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్టు. దాని కీళ్ళు!

గోనెపట్ట పరుసుకోని కిందికి దూరినా. కీళ్ళ కాడ గ్రీజు ఉండాల్సిన తావులో తుప్పు పొడి, ఎర్రగా కుంకుమ మాదిరి. మిగతా అడుగంతా అద్దం! అంత శుబ్రంగా నా బండి అడుగును నేనే ఎప్పుడూ సూళ్ళేదు. కింద పండుకోనే మునిరత్నానికి ఫోను సేసినా.

"ఆ పొద్దు బండి కడిగించినావు కదా, అడుగు గూడా కడిగించినావా?"

"కడిగించినా బావా. పైపుతో గట్టిగా కొట్టించినా. ఆడాడ నల్లగా జిడ్డు పట్టుంటే డీజిలు గుడ్డతో తుడిపిచ్చేసినా. సామి ముందరికి పోతాండాం కదా."

"మళ్ళా గ్రీజు ఎక్కించినావా?"

"అయ్యో, మళ్ళా నల్లగా అయిపోదా బావా?"

ఓరి నీ బక్తి తగలెయ్య! ఆ నలుపే కదరా దాని పానం! గ్రీజు గన్ను పెట్టి కొట్టినా. ముందు ఎర్రనీళ్ళు వచ్చినాయి, ఆమైన కొత్త గ్రీజు. మళ్ళా తోలినా, రోడ్డొగ కంట, మీ అవ్వ మొగమొగ కంట సూస్తా. "ఉండాదా?" "లేదు." "బాగా విను." "లేదంటే లేదప్పా!"

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలే. "కడగక ముందర గూడా అరస్తా ఉండిందేమో మే, నాకెట్ట తెలుస్తాది?" అన్నా.

"అమ్మేదానికి ముందర నెలలో నగరికి సీరలకు పోలేదా మనం? ఈ సీటులోనే కదా నేను కూర్చునింది? సద్దు ఉండుంటే నేను నోరు మూసుకోనుండేదాన్నా?"

ఆలోచన సేసినా. ఆ దినం ఆమె ఎండ అనింది. సీటు గుచ్చుకుంటాండాదనింది. రేడియోలో అరవ పాట ఆపమనింది. నా తోలడం బాగలేదనింది. కిచ్ కిచ్ అని మాత్రం అనలే. ఇంతకంటే సాచ్చం ఏం కావాల సెప్పు! ఆమె గొణుగుడులో లేని సద్దు ఆ బండిలో లేనట్టే.

"మరి నన్నెందుకు అట్ట అనుమానంగా సూసినావే ఇన్ని దినాలు?" అన్నా.

"అనుమానం నీ మాట మీద కాదప్పా, నీ సెవుల మీద. ఎనక బస్సోడు హారను కొట్టి కొట్టి అలిసిపోయినా నువ్వు స్కూటరు పక్కకు తీయలే. నువ్వే సెప్తావని సూస్తాంటి" అనింది.

మునిరత్నం వచ్చి సేతులు పట్టుకున్నాడు. గేరుబాక్సు దించకుండానే ఆ సీజనంతా తోలుకున్నాడులే. కానీ మీ అవ్వ ఊరుకోలే. "నా మొగుణ్ణి నిలబెట్టినావు కదా, నేను గూడా నిలబడి సెప్పొస్తా" అని బయిలుదేరింది. "వద్దక్కా, వద్దక్కా" అని వాడు మొత్తుకుంటాండాడు. ఆ లారీలోనే పోయినాం. సామి ముందర ఆమె పెదాలు శానాసేపు ఆడినాయి. నేను పక్కనే ఉండా, ఒగ ముక్క వినపళ్ళే. బయటికొచ్చి "ఏం సెప్పినావే?" అంటే, "వినాల్సినాయన విన్నాడులే" అనింది.

ఏమిటికి నవ్వుతాండావు? లోపల్నించి ఏమనింది ఆమె? సెప్పవా? సరే, సెప్పకపో. ఆ ఎర్ర సుక్క ఆపు ఇంగ. సల్లగా ఉండు తల్లీ. నీకు దొరికేవోడికి సెవులు బాగా పనిసేయాల. పనిసేయకపోయినా పర్లే, నువ్వు మాత్రం గొణిగేది మానొద్దు. అదే వాణ్ణి ఒగనాడు కాపాడతాది.